డివిడెండ్ ఎంత ఇవ్వాలి: అమ్మలుకి మామయ్య ఉత్తరం

జయనగర్, బెంగళూరు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

చెన్నై అంబత్తూరు ఫ్యాక్టరీ లెక్కలు బావ నీ చేతికి అప్పగించారనీ, వచ్చే బోర్డు మీటింగులో డివిడెండ్, అంటే లాభంలో వాటాదారులకు పంచే డబ్బు, ఎంత సిఫారసు చేయాలో నువ్వే చెప్పాలనీ రాశావు. లాభం నాలుగు కోట్లు వచ్చిందని తెలిసి నెల్లూరులో మీ మేనత్త వాళ్లు "కనీసం సగమైనా పంచరా?" అంటున్నారు. మీ బాబాయి "పైసా బయటికి పోకూడదు, కొత్త మెషిన్లు కొనాలి" అంటున్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయితే ఇద్దరూ లాభం అంకెనే చూస్తున్నారు. డివిడెండ్ బ్యాంకు ఖాతాలోంచి పోతుంది, లాభనష్టాల ఖాతాలోంచి కాదు. కాబట్టి ముందు ఒక తెల్లకాగితం తీసుకుని డబ్బు లెక్క వెయ్యి.

నువ్వు పంపిన అంకెల్లో చిల్లర వదిలేసి చూపిస్తాను. పన్ను పోను లాభం 4 కోట్లు. తరుగుదల, అంటే మెషిన్ల అరుగుదల కింద, 1.2 కోట్లు ఖర్చుగా రాశారు గానీ చేతిలోంచి పోలేదు, కలిపితే 5.2. కార్ల కంపెనీల నుంచి రావలసిన బాకీలు, గోడౌన్‌లో సరుకు కలిపి పోయిన ఏడాదికంటే 1.6 కోట్లు పెరిగాయి. అది లాభమే, కానీ ఇంకా డబ్బు కాలేదు. తీసేస్తే 3.6. టర్మ్ లోన్ అసలు వాయిదాలు కోటి పోతే 2.6. ఉన్న మెషిన్లను పనిలో ఉంచడానికి స్పిండిళ్లు మార్చడం, చిన్నా చితకా కొనడం 50 లక్షలు, మిగిలేది 2.1. కంప్యూటరుతో నడిచే రెండు కోట్ల కొత్త సీఎన్‌సీ మెషిన్‌కి బ్యాంకు 70 శాతం ఇచ్చినా మనం పెట్టాల్సిన మార్జిన్ 60 లక్షలు. ఇక ఉన్నది 1.5 కోట్లు. అందులో 40 లక్షలు ముట్టుకోవద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి అంబత్తూరు ఎస్టేట్‌లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీ అందరికీ గుర్తే. వారం పదిరోజులు షట్టర్ దించినా జీతాలు ఆగకూడదు. అన్నీ పోను 1.1 కోట్లు. ఈ ఏడాది పంచగలిగిన గరిష్ఠ మొత్తం అది. మీ అత్తయ్య అడిగిన సగం, అంటే రెండు కోట్లు ఇవ్వాలంటే మిగతా 90 లక్షలు బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పులోంచి తీయాలి. అప్పు చేసి పప్పు కూడంటే అదే.

ఈ లెక్కలో బాకీల వరుసను రెండుసార్లు చూసుకో. చాలా కంపెనీలు దెబ్బతినేది ఇక్కడే. అమ్మకాలు 25 శాతం పెరిగిన ఏడాది లాభం కళకళలాడుతుంది, కానీ కస్టమర్ 75 రోజులకు ఇస్తే ఆ పెరుగుదలంతా బిల్లుల్లో ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు పడిపోయిన ఏడాది తిరగబడి, పాత బాకీలు వసూలై డబ్బు నిండుగా కనిపిస్తుంది. అది చూసి ఎక్కువ పంచితే మళ్లీ ఆర్డర్లు వచ్చేసరికి ఉక్కు కొనడానికి డబ్బుండదు. ఇంకో మాట. మనకు సరుకిచ్చే సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లులు చట్టం పెట్టిన గడువు, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజులు, దాటి ఉంటే ముందు అవి కట్టు. ఏడాది చివరికి అలా మిగిలిపోయిన మొత్తాన్ని కట్టేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు. హీట్ ట్రీట్‌మెంట్ చేసే వాడి డబ్బు ఆపి చుట్టాలకు డివిడెండ్ ఇవ్వడం నాకు అసలు నచ్చదు.

ఇప్పుడు మీ బాబాయి వాదన. ఆపుకున్న రూపాయి కంపెనీ విలువను పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది ఒక్క పోలికతో తేలుతుంది. ఆ రూపాయి మీద కంపెనీ సంపాదించేది ఎంత, ఇంత రిస్కు ఉన్న చోట వాటాదారు ఆశించేది ఎంత. ఆశించేది 15 శాతం అనుకో. కొత్త మెషిన్ పన్ను పోను ఏటా 20 శాతం తెస్తుంటే ఆపుకున్న రూపాయి విలువ రూపాయి 33 పైసలు. 10 శాతమే తెస్తే 67 పైసలు. 1956లో జేమ్స్ వాల్టర్ రాసిన సూత్రంలో సారం ఇదే. సూత్రంలో రాబడి ఎప్పటికీ ఒకేలా ఉంటుందనీ, బయటి అప్పు లేదనీ అనుకుంటారు. నిజంలో అలా ఉండదు. మొదటి మెషిన్‌కి ఆర్డర్లు చేతిలో ఉంటాయి, మూడోదానికి ఆశ మాత్రమే ఉంటుంది. అందుకే బాబాయి ఫ్యాక్టరీ సగటు రాబడి చూపిస్తే ఒప్పుకోవద్దు. ఈ కొత్త మెషిన్ ఒక్కదానికే లెక్క అడుగు. ఏ పార్టుకి, నెలకు ఎన్ని పీసులు, పీసుకి ఎంత మిగులు, ఆర్డరు కాగితం ఉందా. ఉన్న మెషిన్ల మీద మూడో షిఫ్టు ఖాళీగా ఉంటే అది నింపాకే కొత్తది.

మెషిన్ కొనకుండా ఊరికే ఆపుకుంటే ఇంకో చిక్కు. కంపెనీ ఫిక్స్‌డ్ డిపాజిట్ 7 శాతం తెచ్చినా పన్ను పోను అయిదు పైచిలుకే. దానికి మించిన ప్రమాదం, ఖాళీగా ఉన్న డబ్బు చేతుల్ని దురద పెడుతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో స్థలం, డైరెక్టర్లకు పెద్ద కార్లు, తెలియని వ్యాపారంలో వాటా. మిగులు నగదు యాజమాన్యం చేతిలో పేరుకుంటే దుబారా అవుతుందనీ, డివిడెండూ అప్పూ దానికి కళ్లెం వేస్తాయనీ ఆర్థికవేత్త మైకేల్ జెన్‌సెన్ 1986లో వాదించాడు. కుటుంబ కంపెనీల్లో ఇది అక్షరాలా నిజం.

నీ ఎంబీఏ పుస్తకంలో ఆర్థికవేత్తలు మిల్లర్, మొడిగ్లియానీ 1961లో చెప్పింది చదివే ఉంటావు. పన్నులు, ఖర్చులు లేని, అందరికీ అన్నీ తెలిసిన మార్కెట్లో, పెట్టుబడి ప్రణాళిక మారనప్పుడు, డివిడెండ్ ఎంతిచ్చినా కంపెనీ విలువ మారదని. షేరుకి 10 రూపాయలు ఇస్తే షేరు 10 తగ్గుతుంది, కావలసినవాడు నాలుగు షేర్లు అమ్ముకుని డబ్బు చేసుకుంటాడు. దాన్ని తప్పని కొట్టిపారేయకు, అందులోని షరతుల్ని ఒక్కొక్కటే మీ కంపెనీకి పెట్టి చూడు. మీ అత్తయ్య నాలుగు షేర్లు అమ్ముకోగలదా? స్టాక్ మార్కెట్లో లిస్టింగ్ లేదు, కొనేవాడు లేడు, ఆర్టికల్స్ (కంపెనీ నియమావళి) ప్రకారం బదిలీకి బోర్డు అనుమతి కావాలి. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలుసా? తెలియదు. ఆమెకు కంపెనీ నిజంగా సంపాదిస్తోందనడానికి ఉన్న ఒకే రుజువు ఏటా ఖాతాలో పడే డబ్బు. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలనుకునే వాటాదారు, ఇప్పుడే డివిడెండ్ ఇచ్చే కంపెనీకి ఎక్కువ విలువ కడతాడన్న వాదం మైరన్ గోర్డన్‌ది. వ్యాపారంలో రిస్కు డివిడెండ్ ఇచ్చినంత మాత్రాన తగ్గదు కాబట్టి నేనది పూర్తిగా ఒప్పుకోను. కానీ చిన్న వాటాదారుకి యాజమాన్యం మీద ఉన్న అనుమానం మాత్రం క్రమం తప్పని డివిడెండ్‌తో తగ్గుతుంది. రేపు ఎవరైనా ఇన్వెస్టర్ వచ్చి వాటా కొంటానన్నా, పదేళ్లు ఆగకుండా డివిడెండ్ కట్టిన కంపెనీ లాభాలను ఎక్కువ నమ్మి ధర కడతాడు.

క్రమం అన్నాను కదా, దానికి ఒక పద్ధతి ఉంది. జాన్ లింట్నర్ 28 అమెరికన్ కంపెనీలను పరిశీలించి 1956లో ప్రచురించాడు. డైరెక్టర్లు లాభంలో ఇంత శాతం అని మనసులో ఒక లక్ష్యం పెట్టుకుంటారు. లాభం ఎగిరినప్పుడు డివిడెండ్‌ని ఒక్కసారిగా ఎగరనివ్వరు, కొంచెం కొంచెంగా జరుపుతారు. తగ్గించాల్సి రావడానికి చాలా భయపడతారు. ఆ పద్ధతే మీకు సరిపోతుంది. లక్ష్యం 30 శాతం పెట్టుకో, అంటే 1.2 కోట్లు. పోయిన ఏడాది ఇచ్చింది 60 లక్షలు. తేడా 60 లక్షల్లో మూడో వంతు ఈ ఏడాది కలుపు. 80 లక్షలు అవుతుంది. డబ్బు లెక్కలో తేలిన 1.1 కోట్లకు లోపలే ఉంది. మిగిలిన 30 లక్షలతో టర్మ్ లోన్ కొంత ముందే తీర్చెయ్యి, ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో బ్యాంకుని అడిగాకనే. 80 లక్షలంటే 20 లక్షల షేర్లకు షేరుకి 4 రూపాయలు. ముఖవిలువ 10 కాబట్టి నోటీసులో "40 శాతం" అని పడుతుంది. ఆ మాట విని చుట్టాలు లాభంలో 40 శాతం అనుకుంటారు. లాభంలో అది 20 శాతమే. నోటీసులో రూపాయల్లోనూ రాయించు.

ఒక ఏడాది అనుకోని లాభం వస్తే, పాత షెడ్డు అమ్మితే వచ్చినట్టు, ప్రత్యేక డివిడెండ్ అని పేరు పెట్టి వేరుగా ఇవ్వు. మామూలు దాంట్లో కలిపితే మరుసటి ఏడాది తగ్గించినట్టు కనిపిస్తుంది, ఊళ్లో ఫ్యాక్టరీ మునిగిందన్న మాట పుడుతుంది. మీ బెంగళూరు స్నేహితులు ఇన్ఫోసిస్ ఫ్రీ క్యాష్ ఫ్లోలో, అంటే ఖర్చులూ పెట్టుబడులూ పోను మిగిలే నగదులో, 85 శాతం పంచుతుందని చెబితే ఆ అంకె మీకు తెచ్చుకోకు. వాళ్లకు ఉక్కూ, లేత్ మెషిన్లూ అక్కర్లేదు. కానీ ఆ విధానంలో రెండు మాటలు నేర్చుకోదగ్గవి. శాతం కట్టింది లాభం మీద కాదు, మిగులు నగదు మీద. ఏ ఏటికాయేడు కాకుండా 2025 నుంచి 2029 దాకా అయిదు ఆర్థిక సంవత్సరాలు కలిపి. లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలు డివిడెండ్ విధానం రాసి పెట్టాలని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధన. మీకు వర్తించదు. అయినా ఒక పేజీ రాసి బోర్డులో పాస్ చేయించు. ఎప్పుడు ఇస్తాం, ఎప్పుడు ఇవ్వం, ఆపుకున్నది దేనికి వాడతాం. ఏటా జరిగే వాదన సగం తగ్గుతుంది.

పన్ను సంగతి. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీ కట్టే డివిడెండ్ పంపిణీ పన్ను పోయింది, పుచ్చుకున్నవాళ్లు తమ శ్లాబు ప్రకారం కడతారు. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సుతో 25.17 శాతం పోయాక, 30 శాతం శ్లాబులో ఉన్న మీ బాబాయికి వంద రూపాయల లాభంలో చేతికి చేరేది 51 రూపాయల చిల్లర. అదే జీతంగా తీసుకుంటే సుమారు 69. అందుకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు డివిడెండ్ వద్దంటారు, పనిచేయనివాళ్లు కావాలంటారు. జీతం పనికి, డివిడెండ్ వాటాకి. రెండూ కలపొద్దు. పనికి మించిన జీతం చుట్టాలకు ఇస్తే పన్ను అధికారి ఆ ఎక్కువను ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు. ఈ పన్ను తప్పించుకోవడానికి "కంపెనీలోంచి చేబదులు తీసుకుంటా" అని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడు. ప్రైవేటు కంపెనీలో 10 శాతం ఓటు హక్కు ఉన్నవాళ్లకు అప్పు ఇస్తే, కంపెనీలో పేరుకున్న లాభాల మేరకు అది డివిడెండ్ కిందే పన్నుకి వస్తుంది. తర్వాత తిరిగి కట్టేసినా ఆ పన్ను పోదు. డైరెక్టరుకి అప్పు ఇవ్వడం కంపెనీల చట్టంలో వేరే తప్పు కూడా కావచ్చు.

చట్టం మాట కొంచెమే. పాత నష్టాలు, తరుగుదల తీసేశాకే డివిడెండ్. భూమి విలువ పెంచి రాసుకున్న లాభం పనికిరాదు. లాభం చాలని ఏడాది రిజర్వుల్లోంచి, అంటే పాత లాభాల నిల్వలోంచి, ఇవ్వాలంటే గత మూడేళ్ల సగటు రేటు మించకూడదు, తీసేది చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వుల మొత్తంలో పదో వంతు దాటకూడదు, మిగిలే రిజర్వులు మూలధనంలో 15 శాతానికి తగ్గకూడదు. వీటికంటే ముందు బ్యాంకు అప్పు మంజూరు చేస్తూ ఇచ్చిన సాంక్షన్ లెటర్ తీసి చదువు. వాయిదా బాకీ ఉన్నా, నిష్పత్తులు తగ్గినా బ్యాంకు అనుమతి లేకుండా డివిడెండ్ ఇవ్వకూడదన్న షరతు చాలావాటిలో ఉంటుంది. ఎక్కువమంది అది చదవరు.

బోర్డు సిఫారసు చేస్తుంది, ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ప్రకటిస్తుంది. సభ్యులు తగ్గించవచ్చు గానీ మామూలు ఆర్టికల్స్ ప్రకారం పెంచలేరు, ఈ ముక్క మీ అత్తయ్యకి ముందే చెప్పు. ప్రకటించిన అయిదు రోజుల్లో మొత్తాన్ని విడి బ్యాంకు ఖాతాలో వెయ్యాలి, 30 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ, తెలిసి చేసిన డైరెక్టరుకి జైలు శిక్ష కూడా ఉంది. పుచ్చుకోనిది తర్వాతి ఏడు రోజుల్లో చెల్లించని డివిడెండ్ ఖాతాకి, ఏడేళ్లు గడిస్తే ప్రభుత్వ నిధికి పోతుంది. డివిడెండ్ ఏడాదికి 10,000 రూపాయలు దాటిన నివాసి వ్యక్తికి 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి, పాన్ లేకపోతే 20.

ఇక్కడ తప్పక వచ్చే చిక్కు ఒకటి. మెంబర్ల రిజిస్టరు ఇప్పుడే తీసి చూడు. చనిపోయినవాళ్ల పేరున షేర్లు ఇంకా ఉన్నాయేమో, విదేశాలకు వెళ్లినవాళ్లు నివాసిగానే ఉన్నారేమో చూడు. నాన్‌రెసిడెంట్‌కి టీడీఎస్ లెక్క వేరు. మూసేసిన ఖాతా నంబర్లు కూడా ఉంటాయి. వారసులకు మార్చడానికి మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం తెప్పించేసరికి రెండు నెలలు పడుతుంది. ఏజీఎం సెప్టెంబరు 30 లోపు కాబట్టి ఆ పని ఈ వారమే మొదలుపెట్టు. డబ్బు లెక్క కాగితంలో బాకీల వరుస కస్టమర్ వారీగా విడగొట్టి నాకు ఆదివారంలోగా పంపు. 90 రోజులు దాటినవి ఎన్నో చూశాక 80 లక్షలు ఉంచుదామా, 70 చేద్దామా ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ అమ్మకీ, బావకీ నా నమస్కారాలు చెప్పు.

మామయ్య