పాత ప్లాస్టిక్ కుండీలు, సిమెంట్ తొట్లు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ కుండీలను చెత్తబండిలో వేసే ముందు వాటితో సిమెంట్ తొట్లు పోసుకోవచ్చని నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ప్రశ్నలు ఈమధ్య దేనికీ రాలేదు. చాలామంది చేసి చూశారు, కొందరి తొట్లు పగిలాయి, కొందరి మొక్కలు పోయాయి. ఫొటోలు చూస్తే బాధేసింది, ఎందుకంటే అందులో సగం నేను ఆ రోజు విడమరిచి చెప్పకపోవడం వల్ల జరిగినవే. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: పాత ప్లాస్టిక్ కుండీకి బయటివైపు సిమెంట్ పూసి, పుల్లతో చెట్టు బెరడులా గీతలు గీశాను. చాలా ముద్దుగా వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. నేను కొన్న సిమెంట్ మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సిమెంట్ తప్పేం లేదమ్మా. నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంట్ పట్టుకోదు. ఇల్లు కట్టేచోట తాపీ మేస్త్రీలు వాడే ప్లాస్టిక్ గమేళాను చూడండి, బోర్లించి నాలుగు తట్లు తడితే లోపల ఎండిన సిమెంట్ అట్టలా ఊడి వచ్చేస్తుంది. మీ కుండీ మీద జరిగిందీ అదే. దీనికి తోడు ఎండకు ప్లాస్టిక్ సాగేది సిమెంట్ సాగేదానికి సుమారు పదింతలు ఉంటుంది, రాత్రికి మళ్ళీ ముడుచుకుంటుంది. మీ ఊరి ఎండలో రోజూ లోపలిది ఇలా కదులుతుంటే పైనున్న అరంగుళం పూత ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

అయినా బెరడు డిజైన్ వదులుకోనక్కర్లేదు. కుండీని గరుకు కాగితంతో బాగా రుద్ది, చుట్టూ చికెన్ మెష్ (కోళ్ళ గూళ్ళకు వాడే సన్నటి ఇనుప తీగల వల) బిగించి, బైండింగ్ వైర్‌తో పైనా కిందా మెలిపెట్టండి. మెష్ ప్లాస్టిక్‌కు పూర్తిగా అతుక్కోకుండా అక్కడక్కడా చిన్న రాళ్ళో చెక్కముక్కలో దోపితే సిమెంట్ మెష్ వెనక్కి కూడా పోతుంది. మొదటి పూత గట్టిగా నొక్కి గరుకుగా వదిలేసి, మర్నాడు తడిపి రెండో పూత వేసి దానిమీద గీతలు గీయండి. మొత్తం మందం అంగుళం ఉండాలి. అప్పుడు బయటి సిమెంట్ ప్లాస్టిక్ మీద ఆధారపడదు, మెష్‌ను పట్టుకుని తన బలం మీద తాను నిలబడుతుంది. అసలైతే ప్లాస్టిక్ కుండీని అచ్చుగా వాడి తీసేయడమే నాకు ఇష్టం. అది కింది జవాబులో చెబుతాను.

ప్రశ్న: పెద్ద కుండీలో చిన్న కుండీ పెట్టి మధ్యలో సిమెంట్ పోసే పద్ధతిలో చేశాను. త్వరగా గట్టిపడాలని మూడు రోజులు డాబా మీద మంచి ఎండలో పెట్టాను. అంచు నుంచి అడుగు దాకా సన్నటి పగుళ్ళు వచ్చాయి. కొలతలు, చేసే విధానం వివరంగా చెప్పండి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పగలిగితే ఈ నెల నా పని అయిపోయినట్టే. ఎందుకంటే నాకొచ్చిన పగిలిన తొట్ల ఫొటోల్లో ఎక్కువ భాగం ఎండలో పెట్టినవే. మనం వడియాలు ఎండబెట్టినట్టు సిమెంట్‌ను ఎండబెడతాం. కానీ సిమెంట్ ఎండి గట్టిపడదండీ, నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది. ఆ పని రోజుల తరబడి సాగుతుంది, మధ్యలో నీళ్ళు ఎగిరిపోతే అక్కడితో ఆగిపోతుంది. నా మొదటి తొట్టి కూడా ఇలాగే పోయింది, మే నెలలో పొద్దున పదింటికి డాబా మీద పెడితే సాయంత్రానికి అంచు మీద వేలితో రుద్దితే పిండిలా రాలింది. పక్క స్థలంలో ఇల్లు కడుతున్న మేస్త్రీ అది చూసి గోనెసంచి తడిపి తెచ్చి కప్పాడు, అప్పటికే ఆలస్యమైంది.

ఇప్పుడు కొలతలు. బయటి అచ్చుకు 12 అంగుళాల పాత కుండీ, లోపలికి 10 అంగుళాలది. రెంటికీ మధ్య చుట్టూ అంగుళం ఖాళీ వస్తుంది, అంతకంటే తగ్గించకండి. ఒక డబ్బా సిమెంట్‌కు రెండు డబ్బాల జల్లించిన ఇసుక. ఈ సైజు తొట్టికి సుమారు 5 కిలోల సిమెంట్ పడుతుంది, కిలోల లెక్కన అమ్మే హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకుంటే చాలు, బస్తా కొనక్కర్లేదు. తెచ్చిన సిమెంట్‌లో వేలితో నలిపినా చితకని ఉండలు ఉంటే అది తేమ పట్టేసినట్టే, వాడొద్దు. నీళ్ళు కిలో సిమెంట్‌కు అరలీటరు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. కలిపినదాన్ని గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. పోయడానికి సులువుగా ఉంటుందని ఇంకో చెంబుడు నీళ్ళు పోస్తే ఆ నీళ్ళే తర్వాత సన్నటి రంధ్రాలుగా మిగిలి తొట్టిని బలహీనం చేస్తాయి.

బయటి కుండీ లోపలి వైపుకీ, లోపలి కుండీ బయటి వైపుకీ నూనె రాయండి. వంటకు పనికిరాని పాత నూనె చాలు. బయటి కుండీ అడుగున ఉన్న రంధ్రాలకు టేపు వేసి, మధ్యలో ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్క నిలబెట్టండి. నీళ్ళు పోయే దారి అదే, అది మర్చిపోయి తర్వాత సుత్తితో కొడితే తొట్టే పోతుంది. పైపు చుట్టూ అంగుళంన్నర మందం అడుగు పోసి, లోపలి కుండీని దానిమీద నడిమధ్యన పెట్టి, కదలకుండా ఇసుకతో నింపండి. తర్వాత చుట్టూ ఖాళీలో కొంచెం కొంచెంగా వేస్తూ పుల్లతో కూరుతూ, బయటినుంచి చేత్తో తడుతూ పోవాలి, లేకపోతే లోపల గాలి బుడగలు మిగిలి గోడంతా గుంటలు పడుతుంది.

ఈ గోడలో ఒక చుట్టు చికెన్ మెష్ పెడితే తొట్టి గట్టితనమే వేరు. ఇనుప మెష్ చుట్టూ సిమెంట్ వేయడమన్న పద్ధతికి 1867లో పేటెంట్ తీసుకున్నవాళ్ళలో జోసెఫ్ మోనియే ఒకరు, ఆయన ఫ్రాన్స్‌లో ఒక తోటమాలి. పగలని మొక్కల తొట్టి కావాలన్నదే ఆయన తాపత్రయం. ఇవాళ మన స్లాబులూ పిల్లర్లూ నిలబడ్డ పద్ధతికి మొదట్లో దారి చూపినవాటిలో మనలాంటివాళ్ళ పూలతొట్టి కూడా ఉందంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

పోసిన మర్నాడు, అంటే 24 గంటలకు అటూ ఇటూగా, లోపలి కుండీ ముందు తీయాలి. సిమెంట్ గట్టిపడుతూ లోపలికి బిగుసుకుంటుంది కాబట్టి ఇంకా ఆలస్యం చేస్తే అది రాదు. ఇసుక తీసేసి ప్లాస్టిక్‌ను లోపలికి నొక్కి మెలితిప్పితే జారి వస్తుంది. బయటి కుండీని ఇంకో రోజు ఉంచి తీయండి, ఎలాగూ పెళుసుదే కాబట్టి రాకపోతే కోసేయండి. తీసిన వెంటనే నీడలో పెట్టి తడి గోనెసంచి చుట్టి, దానిపైన ప్లాస్టిక్ కవర్ కప్పి, కనీసం ఏడు రోజులు గోనె ఆరకుండా చూడండి. అనంతపురం ఎండల్లో రోజుకు మూడుసార్లు తడపాల్సి వస్తుంది. పది పన్నెండు రోజులు చేయగలిగితే ఇంకా మంచిది. పూర్తి బలం రావడానికి సుమారు నెల పడుతుంది, అప్పటిదాకా మట్టి నింపి ఈడ్చకండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రబ్బరు గ్లవ్స్ లేకుండా తడి సిమెంట్ ముట్టుకోవద్దు. చేసేటప్పుడు ఏమీ తెలియదు, రాత్రికి వేళ్ళ సందులు మండి చర్మం ఒరిసిపోతుంది. పొడి సిమెంట్ కలిపేటప్పుడు మూతికి మాస్కు ఉండాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

ప్రశ్న: మాకు బీచ్ దగ్గర. సముద్రపు ఇసుక వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. అందులో ఉప్పు మెష్‌ను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి తొట్టిని లోపలినుంచి చీలుస్తుంది, మొక్క వేళ్ళకూ ఆ ఉప్పు చేటే. తీరంలో ఇసుక తవ్వడం మీద నిషేధం కూడా ఉంది. ఏటి ఇసుక దొరక్కపోతే రాయిని పొడి చేసి తయారుచేసే రోబో శాండ్ హాయిగా వాడుకోండి, కాకపోతే జల్లెడ పట్టి మెత్తటి పొడి తీసేయండి.

ప్రశ్న: తొట్టి చక్కగా కుదిరింది మేడమ్. కడియం నుంచి తెచ్చిన నూరువరహాల మొక్క అందులో వేశాను. నెలన్నరకే లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోయాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ఎరువు వేసినా మార్పు లేదు. నర్సరీవాళ్ళు జబ్బు మొక్క ఇచ్చారేమోనని అనుమానం.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోయిందన్నారు కదా, ఆ ఒక్క గుర్తుతో చాలావరకు విషయం తెలిసిపోయింది. అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేదని కాదు, కొత్త సిమెంట్‌లోంచి దిగే సున్నం మట్టిని క్షారంగా మార్చేసి, ఉన్న ఇనుమును వేరు తీసుకోకుండా చేసింది. నర్సరీవాళ్ళ తప్పు కాకపోవచ్చు. నూరువరహాలు, గార్డెనియా లాంటివి కాస్త పులుపు నేలను ఇష్టపడతాయి, సిమెంట్ సున్నం వాటికి అసలు పడదు.

మొక్కను వెంటనే తీసి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి దులిపి మామూలు మట్టికుండీలోకి మార్చండి. షాపుల్లో దొరికే చీలేటెడ్ ఐరన్‌ను (మొక్క సులువుగా తీసుకునే రూపంలో ఉన్న ఇనుమును) ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో ఆకుల మీద చల్లండి. పాలిపోయిన పాత ఆకుల్ని చూసి దిగులుపడొద్దు, కొత్తగా వచ్చే చిగురు రంగు చూడండి.

తొట్టి సంగతి: మన ఇళ్ళల్లో కొత్త సిమెంట్ గాబు తెచ్చినప్పుడు పెద్దవాళ్ళు నీళ్ళు నింపి, కొన్నాళ్ళు ఉంచి పారబోసి, మళ్ళీ నింపేవాళ్ళు గుర్తుందా? అదే ఇక్కడా చేయాలి. అడుగు రంధ్రానికి బిరడా పెట్టి నీళ్ళు నింపండి, రెండు రోజులకోసారి పారబోసి కొత్తవి పోయండి. నీళ్ళమీద పల్చటి తెల్లటి పొర తేలుతుంది, అది సున్నమే. రెండు వారాలు ఇలా చేస్తే చాలావరకు దిగిపోతుంది. రెండు రోజులని ఎందుకంటున్నానంటే, వారం పాటు నిలవ ఉంచితే డెంగీ దోమకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు. ఆ నీళ్ళు వేరే మొక్కలకు పోయకండి. తర్వాత అందులో ముందుగా అడీనియం, కాగితంపూలు, కలబంద లాంటి మొండి మొక్కలు వేసుకోండి. నూరువరహాలే కావాలనిపిస్తే, మొక్కను చిన్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి ఆ కుండీని ఈ తొట్టిలో దింపండి, చూడటానికి తేడా తెలియదు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఇలాంటివి ఇరవై పెట్టాలని ఉంది. పైఫ్లోర్‌వాళ్ళు స్లాబు కూలుతుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాళ్ళ భయాన్ని కొట్టిపారేయకండి, లెక్క వేద్దాం. పైన చెప్పిన 12 అంగుళాల తొట్టి ఖాళీగానే 15 కిలోల దాకా ఉంటుంది, తడిమట్టితో నింపితే 35 నుంచి 40 కిలోలు. మనుషులు తిరిగే టెర్రస్‌కు మన దేశపు ప్రమాణం ప్రకారం లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే ఒక చదరపు మీటరులో నాలుగు తొట్లు పెడితే ఆ లెక్క అక్కడికే నిండిపోయింది, మనుషులు నిలబడేందుకు మిగలలేదు. కాబట్టి మధ్యలో గుంపుగా పెట్టొద్దు. కింద బీములు, గోడలు ఉన్న వరసల్లో దూరదూరంగా పెట్టండి. కట్టడం పాతదైతే ఇంజినీరును పిలిచి చూపించాకే పెట్టండి. పిట్టగోడ మీద మాత్రం ఒక్కటి కూడా వద్దు. గాలివానకు కింద నడిచేవాళ్ళ నెత్తిన పడితే ఆ తప్పును ఎవరూ దిద్దలేరు.

బరువు తగ్గించాలంటే ఇసుక బదులు ఒక పాలు సిమెంట్‌కు ఒకటిన్నర పాలు నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒకటిన్నర పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి చేయొచ్చు. చాలా తేలిగ్గా ఉంటుంది, రాయిలా గరుకుగా అందంగా కూడా ఉంటుంది, కానీ ఇసుకతో చేసినంత గట్టిగా ఉండదు, దెబ్బ తగిలితే అంచు విరుగుతుంది. లోపలి మట్టిలోనూ కోకోపీట్ పాలు పెంచండి.

ప్రశ్న: పాత తువ్వాలు సిమెంట్‌లో ముంచి బోర్లించిన బకెట్ మీద పరిచి చేసే కుండీలు ఎన్నాళ్ళుంటాయి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒక్కసారి ముంచి వదిలేస్తే ఎక్కువ కాలం ఉండవు. నీళ్ళలో కలిపిన సిమెంట్ దోసెల పిండి కంటే పల్చన కాకూడదు, అందులో సన్నటి ఇసుక కొంచెం కలపండి, ఉత్త సిమెంట్ అయితే నెర్రెలిస్తుంది. నూలు టర్కీ టవల్ బాగా పీల్చుకుంటుంది, పాలిస్టర్ చీర పీల్చుకోదు. మర్నాడు బకెట్ మీదనుంచి తీయకుండానే కుంచెతో రెండో పూత, ఆ తర్వాతి రోజు మూడోది, తీశాక లోపలివైపు ఇంకోటి వేయండి. లోపలి బట్ట సిమెంట్ క్షారానికి మెల్లగా శక్తి కోల్పోతుంది కాబట్టి బరువంతా సిమెంటే మోయాలి. ఇందులో నేరుగా మట్టి పోయకుండా, మీ పాత ప్లాస్టిక్ కుండీలో బాగున్నది ఒకటి లోపల పెట్టుకోండి.

ప్రశ్న: రంగు ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కలిపేటప్పుడే పొడి సిమెంట్‌లో రెడ్ ఆక్సైడ్ వేయండి, 5 కిలోల సిమెంట్‌కు పావుకిలో చాలు. మన పాత ఇళ్ళ ఎర్రగచ్చు రంగు వస్తుంది, పెచ్చులు లేవదు. పైన వేసే పెయింట్ అయితే తొట్టి పూర్తిగా నాని, ఆరి, నెల దాటాకే. తులసికోటకు వేసినట్టు ఎర్రటి తొట్టి మీద తెల్లటి చుక్కల ముగ్గు వేస్తే, నా కంటికి అంతకంటే అందం లేదు.

ప్రశ్న: మా అమ్మగారింట్లో పెద్ద సిమెంట్ గాబు ఉంది, ఒకపక్క పగులు వచ్చి నీళ్ళు నిలవడం లేదు. పారేయబుద్ధి కావడం లేదు.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పారేయకండి. అన్నేళ్ళు నీళ్ళలో ఉన్న గాబులో సున్నం ఎప్పుడో చాలావరకు దిగిపోయి ఉంటుంది, మొక్కకు కొత్త తొట్టి కంటే అదే మేలు. పగులు ఉంటే నీళ్ళు నిలవవు కానీ మట్టి నిలుస్తుంది. పగులును అలాగే ఉంచి, బయట పైన ఒకటి కింద ఒకటి మందపాటి ఇనుప తీగ చుట్టి బిగించి, అడుగున రెండు రంధ్రాలు డ్రిల్లింగ్ మెషిన్‌తో మెల్లగా వేయించండి. పగులు వెంట లోపల పాత గోనెముక్క ఆనించి మట్టి పోయండి. అంత లోతు ఉంది కాబట్టి కరివేపాకు వేయండి, అమ్మగారికి రోజూ పోపులోకి పనికొస్తుంది.