ఫోటో దొరకనప్పుడు సర్వర్ ఏం చెప్పాలి

చి. అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

నీ చీరల సైట్‌లో కొన్ని ఫోటోలు రావట్లేదని, వాటి బదులు డీఫాల్ట్ ఇమేజ్ చూపించే కోడ్ కావాలని రాశావు. కోడ్ చిన్నదే. అయితే కొనడానికి వచ్చినవాళ్లకి పేజీ బాగా కనిపించాలి, బ్రౌజర్‌కీ సెర్చ్ ఇంజిన్‌కీ మాత్రం ఫైలు లేదన్న నిజం తెలియాలి. ఈ రెండూ కలిసి జరగాలి.

ఫోటో ఉందో లేదో చూడటానికి నువ్వు పీహెచ్‌పీలో (సర్వర్ మీద నడిచే కోడ్ భాషలో) 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అనే ఫంక్షన్ వాడుతున్నావు. అది ఫోల్డర్‌ని చూసి కూడా ఉందనే అంటుంది. డేటాబేస్‌లో ఒక చీరకి ఫోటో పేరు ఖాళీగా ఉందనుకో. అప్‌లోడ్స్ ఫోల్డర్ పాత్‌కి (డిస్క్ మీద అది ఉన్న చోటు చెప్పే వరసకి) ఖాళీ పేరు కలిపితే మిగిలేది ఫోల్డరే కదా! ఫోల్డర్ ఉంది కాబట్టి 'ట్రూ' వస్తుంది, నీ డీఫాల్ట్ ఇమేజ్ దాకా కోడ్ వెళ్లనే వెళ్లదు. దాని బదులు 'ఈజ్ ఫైల్' వాడు, అది ఫోల్డర్‌ని ఫైలు అనదు. సైజు కూడా చూడు, అప్‌లోడ్ మధ్యలో తెగితే సున్నా బైట్ల ఫైలు మిగిలిపోవచ్చు. ఇవ్వాల్సింది డిస్క్ మీది పాత్. వెబ్ అడ్రస్ ఇస్తే ఉన్న ఫోటోని కూడా లేదంటుంది.

ఎంజినెక్స్ (ఫైళ్లని బ్రౌజర్‌కి పంపే వెబ్ సర్వర్) సెట్టింగుల్లో, ఏ ఫైళ్లని వరసగా వెతకాలో చెప్పే 'ట్రై ఫైల్స్' చివర నేరుగా డీఫాల్ట్ ఇమేజ్ పేరు పెడితే బ్రౌజర్‌కి 200 అనే కోడ్ వెళ్తుంది, అంటే అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పినట్టు. చివర 404 (ఫైలు లేదని చెప్పే కోడ్) పెట్టి, 'ఎర్రర్ పేజ్'గా డీఫాల్ట్ ఇమేజ్ ఇవ్వు. 404తో వచ్చినా బ్రౌజర్ ఆ ఇమేజ్‌ని చూపిస్తుంది. 301 రీడైరెక్ట్ (ఫోటో శాశ్వతంగా వేరే చోటికి మారిందని చెప్పి అక్కడికి పంపడం) మాత్రం వద్దమ్మా. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటే రేపు నువ్వు అసలు ఫోటో పెట్టినా పాత కస్టమర్‌కి డీఫాల్టే కనిపిస్తుంది.

ఇక ఫోటోలు ఎందుకు పోతున్నాయో చూడు. నీ విండోస్ లాప్‌టాప్‌లో ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా పట్టింపు లేదు, లినక్స్ సర్వర్‌కి ఉంది. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లు ఇంకా చిక్కు. 'పైఠణీ' అనే చీర పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతిలో) ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, లినక్స్‌కి వేర్వేరు ఫైళ్లు. పాత మాక్ డిస్కులు రెండో పద్ధతిలోనే దాచేవి. మీ ఫోటోగ్రాఫర్ ఏ మెషీన్ నుంచి పంపుతున్నాడో కనుక్కో. అసలు అప్‌లోడ్ అప్పుడే ఫైలు పేరు తీసేసి చీర నంబర్ పెట్టేస్తే ఈ టెన్షనే ఉండదు. తెలుగు పేరు ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటో గురించి పేజీ కోడ్‌లో ఇచ్చే మాటల్లో) రాయి, చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది.

404లన్నీ యాక్సెస్ లాగ్‌లో (ఎవరు ఏ ఫైలు అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలో) పడతాయి. వారానికోసారి తీసి, ఎక్కువమంది అడిగిన ఫోటో ముందు పెట్టు. అంచూ పల్లూ చూపించకుండా చీర అమ్మడం నాకు నచ్చదు. వారం దాటినా ఫోటో రాకపోతే ఆ చీరని లిస్ట్‌లోంచి తీసేయ్.

ఇట్లు,
మీ మామయ్య