బరువు పెరగని బిడ్డ ఇంటికి వెళ్లేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పిల్లల పోషణ చూసే పనిలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. చేరిన కొత్తలోనే ఎదురైన చిక్కు గురించి రాశావు. ఆ తల్లికి ఏం పెట్టాలో అంతా తెలుసు, అడిగితే గడగడా చెప్పింది, ఇంట్లో తిండికి లోటూ లేదు, అయినా బిడ్డ రెండు నెలలుగా బరువు పెరగలేదన్నావు. చెప్పడానికి ఇంకేం మిగల్లేదనిపించి తిరిగొచ్చేశానని రాశావు. నిజానికి మన పని మొదలయ్యేది అక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు వస్తుందో వివరిస్తూ 1990లో యునిసెఫ్ ఒక చిత్రపటం తయారుచేసింది. అందులో తిండి, ఆరోగ్యం, పరిసరాల శుభ్రతతో పాటు తల్లీబిడ్డల సంరక్షణకి కూడా సమాన స్థానం ఇచ్చారు. తిండి ఉందో లేదో వంటింట్లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. జబ్బు చేస్తే ఎలాగూ బయటపడుతుంది. బిడ్డ దగ్గర కూర్చుని తినిపించే తీరిక ఎవరికుంది, ఆ తినిపించే మనిషి తను తిన్నదా, ఆమెకి తోడు ఎవరున్నారు అన్నవి మాత్రం పనిగట్టుకుని కనుక్కోవాలి. బరువు నిలిచిపోయిన బిడ్డల ఇళ్లలో చాలాసార్లు నాకు కారణం ఇక్కడే దొరికింది.

కాబట్టి ఈసారి ఆ ఇంటికి బిడ్డ తినే వేళకి వెళ్లు. పుస్తకం, పెన్ను సంచిలోనే ఉండనీ. ఓ పక్కన కూర్చుని చూడు. తల్లే తినిపిస్తోందా, లేక పనికి వెళ్తూ పెద్దపిల్ల చేతికి గిన్నె ఇచ్చి వెళ్తోందా? ఎనిమిదేళ్ల పిల్ల తమ్ముడికి ఎంతో ప్రేమగానే పెడుతుంది, కానీ వాడు రెండుసార్లు మొహం తిప్పుకుంటే అయిపోయిందనుకుని లేచిపోతుంది. పిల్లలందరూ ఒకే పళ్లెంలో తింటుంటే చిన్నవాడు ఎంత తిన్నాడో ఎవరికీ తెలియదు. వాడికో చిన్న గిన్నె విడిగా పెట్టించు. ఇంత చిన్న మార్పుతోనే తల్లికి విషయం కళ్లకు కడుతుంది.

తర్వాత గిన్నెలో ఉన్నది చూడు. చెంచా వంచితే జావ నీళ్లలా కారిపోతోందా, కాస్త నిలుస్తోందా? పసిపిల్లల పొట్ట ఒక్కో పూటకి కిలో బరువుకి దాదాపు 30 గ్రాములే పడుతుంది. 8 కిలోల బిడ్డ అంటే 240 గ్రాములు. పల్చటి జావతో ఆ చోటు నిండిపోతే బిడ్డ ఇక వద్దంటుంది, తల్లేమో కడుపు నిండిందని నిశ్చింతగా ఉంటుంది. సరిపడా తల్లిపాలు తాగే బిడ్డకి కూడా బయటి తిండి నుంచి 6-8 నెలల్లో రోజుకి సుమారు 200 కేలరీలు, 9-11 నెలల్లో 300, ఏడాది దాటాక 550 దాకా అందాలి. నీళ్లు తగ్గించి చిక్కగా వండమను. ఒక టీస్పూను నూనె కలిపితేనే దాదాపు 40 కేలరీలు పెరుగుతాయి. కొత్త ఖర్చు పెద్దగా లేని మార్పులు ముందు చెబితే నీ మాట మీద ఇంట్లోవాళ్లకి గురి కుదురుతుంది.

ఆరు నెలలు దాటేసరికి బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు తరిగిపోతుంటాయి. తల్లిపాలలో అది తక్కువ. మాంసం, చేప తినే ఇంట్లో అవి మెత్తగా నలిపి పెట్టమను. తినని ఇంట్లో పప్పుధాన్యాలతో పాటు పుల్లటి పండు ఏదైనా ఇస్తే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. ఏడాది లోపు తేనె మాత్రం నాకించవద్దని గట్టిగా చెప్పు. అరుదుగానే అయినా ప్రాణం మీదికి తెచ్చే బొటులిజం అనే జబ్బు దానివల్ల రావచ్చు.

బలవంతం సంగతి. ముక్కు నొక్కి, కాళ్ల మీద పడుకోబెట్టి పోసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఫోన్ చూపించి నోట్లో కుక్కేవి ఇంకా ఎక్కువ. మొదటి పద్ధతిలో తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రెండోదానిలో తనకి ఆకలేస్తోందో, కడుపు నిండిందో గుర్తుపట్టడం బిడ్డ నేర్చుకోదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహం చూస్తూ, కబుర్లు చెబుతూ పెట్టాలి. నోరు తెరిస్తే పెట్టాలి, తిప్పుకుంటే ఆగాలి, కాసేపాగి మళ్లీ అడగాలి. కొత్త రుచి అలవాటవడానికి ఎనిమిది పదిసార్లు పెట్టి చూడాల్సి రావచ్చని తల్లికి ముందే చెప్పు. లేకపోతే రెండుసార్లు ఉమ్మేయగానే "మా వాడికి ఇది పడదు" అని తేల్చేస్తారు.

ఇదంతా చెయ్యాలంటే ఓపిక కావాలి, పొద్దున్నుంచి నిలబడి ఉన్న మనిషికి అది ఎక్కడినుంచి వస్తుంది? అందుకే బిడ్డ గురించి అడిగేముందు "నువ్వు ఈరోజు ఏం తిన్నావమ్మా?" అని అడుగు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ కావాలి. చాలామంది అందరూ తిన్నాక మిగిలింది తింటారు. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డని ఎత్తుకోవాలనే అనిపించకపోవడం రెండు వారాలకి మించి ఉంటే దాన్ని బద్ధకం అని ఎవరినీ అననివ్వకు. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, వైద్యంతో నయమవుతుంది. డాక్టర్ దగ్గరికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్తే మంచిది.

తల్లి ఒక్కదానికే చెప్పి రాకు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ముందు ఆవిడ దగ్గర కూర్చో. ఆవిడ పిల్లల్ని ఎలా పెంచిందో చెప్పించుకో. అందులో మంచివి తప్పకుండా ఉంటాయి, వాటిని మెచ్చుకో. పెద్దావిడని పక్కనపెట్టి చిన్నదానికి పాఠం చెబితే, నువ్వు గడప దాటగానే ఆ మాట కూడా గడప దాటుతుంది. తండ్రి ఇంట్లో ఉండే వేళ కనుక్కుని ఒకసారి వెళ్లు. "రాత్రిపూట మీరు తినిపించండి" అని సూటిగా అడుగు. నేను అడిగిన చాలామంది తండ్రులు ఒప్పుకున్నారు, అంతకుముందు వాళ్లని ఎవరూ అడగలేదంతే. ఒక్కసారికి ఒక్క మార్పే కోరు, అది కూడా వాళ్లనే ఎంచుకోమను.

నిజంగానే తిండి లేని ఇళ్లూ ఉంటాయి. అక్కడ పళ్లు పెట్టండి, పాలు పెట్టండి అని సలహా చెప్పడం పుండు మీద కారం చల్లినట్టే. ఆ ఇంటికి రావాల్సిన సాయం ఏముందో, ఏ కాగితం లేక ఆగిందో చూడు, దాని వెంట పడు. పని నుంచి వచ్చేదాకా బిడ్డని చూసే ఇరుగుపొరుగు మనిషి దొరుకుతుందేమో అడుగు. ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులవారీగా పిల్లల్ని చూసుకునేలా కుదిర్చిన చోట నేను మంచి ఫలితం చూశాను.

కొలతల్లో మాత్రం అంచనాలు వద్దు. ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చెయ్యి వదులుగా వేలాడేలా ఉంచి టేపు చుట్టు. బిగించకు, వదులుగానూ వదలకు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర లోపం, 115కీ 125కీ మధ్య ఉంటే మధ్యస్థం. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉంటోందా చూడు. ఉంటే కొలత ఎంత ఉన్నా అది తీవ్రమే. కొలత 115కి తగ్గినా, పాదాల మీద గుంట అలాగే ఉన్నా అదే రోజు వైద్యులకి చూపించాలి. బిడ్డ ఏమీ తినలేకపోతున్నా, తిన్నదంతా కక్కేస్తున్నా, మగతగా పడి ఉన్నా సరే, ఇంట్లో ఉంచి చూద్దాం అనే మాట వద్దు.

విరేచనాలప్పుడు తిండి మాన్పించే అలవాటు ఎక్కడ కనిపించినా ఆపించు. తల్లిపాలు, తిండి, ఓఆర్‌ఎస్ మూడూ సాగాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్, 10 నుంచి 14 రోజులు ఇస్తారు. ఆరు నెలల లోపు బిడ్డకి 10 మిల్లీగ్రాములు చాలు. మధ్యలో తగ్గిందని మానేస్తారు, చివరిదాకా వేయించు. తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టమను, పోయిన బరువు ఆ రోజుల్లోనే తిరిగొస్తుంది.

ఇంకొకటి. పాలపొడి కంపెనీల వాళ్లు డైరీలు, సంచులు, నమూనా డబ్బాలు పట్టుకుని నీ దగ్గరికి రావచ్చు. తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాల మీద ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే ఒక నియమావళిని ఆమోదించింది. ఆరోగ్య కార్యకర్తలకి కానుకలు, తల్లులకి ఉచిత నమూనాలు ఇవ్వకూడదని అందులో ఉంది. మర్యాదగా వద్దని చెప్పు. నీ చేతిలో ఆ డబ్బా చూసిన తల్లి, దాన్ని నువ్వే సిఫారసు చేశావనుకుంటుంది.

నువ్వు చూసి వచ్చిన బిడ్డ చెయ్యి కొలత నీ ఉత్తరంలో లేదు. రేపే వెళ్లి కొలిచి నాకు రాయి. తినేటప్పుడు ఏం చూశావో అదీ రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ