మెల్‌బోర్న్‌లో రైలు దిగాక ట్రామ్‌కి వేరే టికెట్ కావాలా?

సిడ్నీ నుంచి రైల్లో సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగేవాళ్లకు వచ్చే సందేహమిది. సిటీ మధ్యలోనే తిరిగితే టికెట్ అక్కర్లేదు. 2015 జనవరి నుంచి అక్కడ ఫ్రీ ట్రామ్ జోన్ ఉంది, ఈ స్టేషన్ కూడా అందులోనిదే. ఆ హద్దులో మైకీ (మెల్‌బోర్న్ ప్రయాణ కార్డు) మెషీన్‌కి టచ్ చేయకండి, అనవసరంగా డబ్బులు పోతాయి.

96వ నంబర్ ట్రామ్‌లో సెయింట్ కిల్డా బీచ్‌కి వెళ్తే మాత్రం హద్దు దాటతారు కాబట్టి మైకీ టచ్ చేయాల్సిందే. సిడ్నీ ఓపల్ కార్డు ఇక్కడ పనిచేయదు. మైకీలో రెండు గంటల ఛార్జీ సిటీ ట్రామ్‌కీ, లోకల్ రైలుకీ కలిపే వర్తిస్తుంది. ఆ రెండు గంటల్లో ట్రామ్ దిగి రైలెక్కితే మళ్లీ కట్టక్కర్లేదు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి.