ఎండాకాలం మేడ మీది గదిలో ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, అయిదుంబావుకే మెలకువ: ఏం చేయాలి?

విజయవాడలో మేడ మీది పోర్షన్, తూర్పు కిటికీ ఉన్న పడకగది, కూలర్ పెట్టినా నిద్ర లేదు, చలికాలంలో ఇదే గదిలో ఏ ఇబ్బందీ లేదు అన్నారు. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. పొద్దుపోయేదాకా నిద్ర రానివ్వనిది స్లాబు. తెల్లారకముందే లేపుతున్నది వెలుతురు. ఒకదానికి చేసే ఉపాయం రెండోదానికి పనికిరాదు.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి తగ్గడం మొదలవ్వాలి. రాత్రి మొత్తం మీద అది సుమారు 1 డిగ్రీ దిగుతుంది. మామూలుగా లేచే వేళకు ఓ రెండు గంటల ముందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేడి అరచేతులు, పాదాల చర్మం గుండా, చెమట ఆరడం వల్ల బయటికి పోతుంది. చుట్టూ ఉన్న గాలీ కప్పూ ఒంటికి సమానంగా కాగి ఉండి, పైగా ఉక్కపోత కూడా ఉంటే ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. మీరు అటూ ఇటూ దొర్లుతున్నది అందుకే.

ముందు స్లాబు సంగతి. 5 అంగుళాల కాంక్రీటు స్లాబులో పైన పడ్డ ఎండ వేడి అడుగుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం బయట చల్లబడుతున్న వేళకు లోపల కప్పు బాగా కాగి ఉంటుంది, అర్ధరాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటుంది. రాత్రి 9 గంటలకు స్టూలెక్కి కప్పును, కిందకొచ్చి లోపలి గోడను చేత్తో తాకి చూడండి. కప్పు వేడిగా తగిలితే దోషం దానిదే. సీలింగ్ ఫ్యాన్ ఆ కప్పు కిందే ఉన్న వేడిగాలిని మీ మీదికి తోస్తుంది కాబట్టి, ఆ వేళల్లో మంచం ఎత్తులో పెట్టిన టేబుల్ ఫ్యానే నయం.

అసలు మందు డాబాకు తెల్ల పూత. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం తెచ్చింది కూడా ఇందుకే. చవకగా కావాలంటే సున్నం చాలు. పాచి, దుమ్ము గీకి కడగండి. రాత్రంతా నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి, కొంచెం జిగురు కలిపి, డాబా తడిపి సాయంత్రం పూట రెండు పూతలు వేయండి. మిట్టమధ్యాహ్నం వేస్తే సున్నం పట్టు దొరక్కముందే ఆరిపోయి పొడిలా రాలుతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో మళ్ళీ వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్‌కు ఖర్చెక్కువ, కానీ కొన్నేళ్ళు ఉంటుంది. ఏది వేసినా, దుమ్ము పడితే తెలుపు పోతుంది, పనితనమూ పోతుంది. నెలకోసారి కడగడం మానొద్దు.

ఈ రాత్రికే ఉపశమనం కావాలంటే పొద్దు వాలాక డాబా మీద గోనెసంచులు పరిచి తడపండి. 1 లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. నీరు నిలవ ఉంచక్కర్లేదు, తడి ఆరకుండా చూస్తే చాలు. భగ్గుమనే ఎండలో చన్నీళ్ళు కుమ్మరిస్తే స్లాబు సన్నగా పగిలే ప్రమాదం ఉంది. ఇప్పటికే కారుతున్న స్లాబయితే ఈ పని అసలొద్దు.

కిటికీలు ఉదయం 9 నుంచి మూసి ఉంచి, బయట గాలి లోపలికంటే చల్లబడ్డాకే తెరవండి. ఎదురెదురుగా రెండు తెరిస్తేనే గాలి ఆడుతుంది.

కూలర్ విషయంలో మీ ఊరే మీకు అడ్డం. 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే, అంటే ఏప్రిల్‌లో ఆదిలాబాద్ లాంటి చోట, మంచి కూలర్ 27 డిగ్రీల గాలి ఇస్తుంది. కోస్తాలో రాత్రి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే తడిసిన ప్యాడ్ కూడా 29 కంటే దిగదు. చల్లదనం రెండు మూడు డిగ్రీలే, కానీ గదిలో తేమ పెరిగి చెమట ఆరడం మానేస్తుంది. మీరు తలుపులన్నీ మూసి కూలర్ వేస్తుంటే ఇంకా అన్యాయం. ఎదుటి కిటికీ బార్లా తెరవండి. ఒళ్ళు జిగటగా అనిపించగానే పంపు ఆపి ఉత్త ఫ్యాన్ నడపండి.

ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి. 18లో పెట్టి పడుకుంటే తెల్లవారుజామున వణుకుతూ లేస్తారు. ఒంటి వేడి అడుగంటేది అప్పుడే, కలల నిద్ర ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ నిద్రలో శరీరం తన వేడిని సరిగా సర్దుకోలేదు.

ఫోమ్ పరుపు వీపు వైపు వేడిని పోనివ్వదు. నవారు మంచమో నులక మంచమో అయితే కింద నుంచీ గాలి తగులుతుంది. కుదరకపోతే పరుపు మీద తుంగచాప వేసుకోండి. పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్ళతో పది నిమిషాలు స్నానం చేయండి. ఎండకు కాగిన ట్యాంకు నీళ్ళయినా మరీ కాలకపోతే ఫరవాలేదు. చర్మంలోకి రక్తం వచ్చి లోపలి వేడి త్వరగా బయటపడుతుంది. ఐసు నీళ్ళు హాయిగానే ఉంటాయి గానీ చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది.

ఇక అయిదుంబావు మెలకువ. మే చివర్లో మీ ఊళ్ళో సూర్యోదయం సుమారు 5:35కి, జనవరిలో 6:38కి. సూర్యుడు రావడానికి ఇరవై నిమిషాల ముందే గది తెల్లబడుతుంది. అంటే సరిగ్గా మీరు లేస్తున్న వేళ. కంట్లో వెలుతురును కొలిచే ప్రత్యేక కణాలు నీలి కాంతికి బాగా స్పందించి మెదడుకు తెల్లారిందని కబురు పంపుతాయి. రెప్పలు మూసుకున్నా కొంత వెలుతురు లోపలికి చేరుతుంది. కిటికీ చట్రం కంటే అన్ని వైపులా ఓ జానెడు వెడల్పుగా మందపాటి తెర వేయండి. సందులు పైనుంచే ఎక్కువ, అక్కడ గుడ్డ కుక్కండి. తెర వేస్తే గాలి ఆగుతుంది, అప్పుడు కళ్ళకు మెత్తటి నూలు గుడ్డ కట్టుకోవడమే మేలు.

మన దగ్గర పగటి నిడివిలో వేసవికీ చలికాలానికీ తేడా రెండు గంటలే. లండన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు అది దాదాపు తొమ్మిది గంటలు. జూన్‌లో తెర, డిసెంబరులో ఉదయపు వెలుతురులో నడక లేనిదే వాళ్ళకు జరగదు. మీ నిద్రను ఎక్కువగా పాడుచేస్తున్నది మాత్రం వేడే. కాబట్టి డబ్బు ముందు డాబా మీద పెట్టండి, తర్వాతే తెరల మీద.

మధ్యాహ్నం కునుకు 3 గంటలు కొట్టేలోపే, అదీ 20 నుంచి 30 నిమిషాలే. గంటన్నర పడుకుంటే రాత్రి నిద్ర మరింత వెనక్కి పోతుంది. గది చల్లబడ్డాక కూడా రాత్రిళ్ళు చెమటలు పడుతుంటే, లేదా గురకలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్ళు చెబితే, డాక్టరుకు చూపించుకోండి.