గొంగళ్లను పార్సిల్లో అమ్మబోయే సునీతకు

చిరంజీవి సునీతకు పెదనాన్న ఆశీస్సులు.

గొంగళ్లను ఫోనులో చూపించి, ఆర్డర్లు తీసుకుని పార్సిల్లో పంపుతానని రాశావు. సంతోషం. ఫోటోలు తీసేవాళ్ల కోసం వెతికే ముందు ఒక్క మాట విను. ఉన్ని బేరం కంటితో తెగదు, చేతితో తెగుతుంది. నా దుకాణంలో ఎవరైనా సరే, ముందు అంచు పట్టి నలిపి చూసేవారు, ఆ తర్వాతే ధర అడిగేవారు. నీ దగ్గర కొనేవారికి ఆ వీలు లేదు.

ఈ చిక్కు పాతదే. బ్రిటన్‌లో వేల్స్‌లోని న్యూటౌన్ ఫ్లానెల్ అనే మెత్తటి ఉన్ని బట్టకు పేరున్న ఊరు. అక్కడి బట్టల వర్తకుడు ప్రైస్ ప్రైస్-జోన్స్ 1861 ప్రాంతంలో ధరల పట్టికలను తపాలాలో పంపి, ఆర్డర్లు వస్తే సరుకును రైలుకెక్కించడం మొదలుపెట్టాడు. విక్టోరియా రాణి కూడా అతని దగ్గర కొన్నది. 1879లో పెద్ద గోదాము కట్టాడు, అదీ రైల్వే స్టేషన్ పక్కనే! నువ్వూ గది అద్దెకు తీసుకునేటప్పుడు బజారు దగ్గరా కాదా అని చూడకు, పార్సిల్ ఆఫీసు ఎంత దూరమో చూసుకో.

అతనిదే ఇంకో కథ. గాలిదిండు అమర్చిన ఉన్ని రగ్గు ఒకటి తయారుచేసి 1876లో పేటెంట్ తీసుకున్నాడు. టర్కీతో యుద్ధంలో ఉన్న రష్యా సైన్యం 60,000 కావాలంది. ఇంతలో ఆ యుద్ధంలోని ప్లెవ్నా కోట ముట్టడి ముగిసింది, మిగతా ఆర్డరు రద్దయింది, 17,000 రగ్గులు అతని నెత్తిన పడ్డాయి. వాటిని తన పట్టికలోకి ఎక్కించి మామూలు ఖాతాదారులకు అమ్ముకున్నాడు. రేపు ఏ హోటలువారో వందల గొంగళ్లు అడిగితే ఎగిరి గంతేయకు. సగం సొమ్ము ముందే తీసుకో. ఒక్కొక్కటిగా కొనేవారి చిరునామాలను మాత్రం పోగొట్టుకోకు.

ఇక నమ్మకం సంగతి. అమెరికాలోని చికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే వర్తకుడు 1872లో ఒంటి కాగితం పట్టికతో మొదలై, 1875లో నచ్చకపోతే డబ్బు వాపసు అన్నాడు. మన తపాలావారి వి.పి.పి.లో, అంటే పార్సిల్ ఇంటికొచ్చాక డబ్బు కట్టే పద్ధతిలో, ముందు డబ్బు కట్టాల్సి వచ్చేది, తర్వాతే కట్ట విప్పేవారు. విప్పి చూసి నిట్టూర్చినవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. అందుకే వాపసు షరతును ధర పక్కనే వెయ్యి, అడుగున చిన్న అక్షరాలలో దాచకు.

అడిగినవారికి అరచేయంత ముక్క కవరులో పంపు. చేనేత కాబట్టి ఏ రెండు గొంగళ్లూ ఒకేలా ఉండవు; ఒక్క ఫోటోతో అన్నింటినీ అమ్మకు. పొడవు, వెడల్పు, బరువు విడివిడిగా రాయి. చింతగింజల గంజి పెట్టిన కొత్త గొంగళి గరగరలాడుతుంది, గొర్రె వాసన కూడా కొంత ఉంటుంది. ఆ సంగతి కొనకముందే చెప్పు. వాడేకొద్దీ మెత్తబడుతుందనీ చెప్పు, అది నిజమే కదా. కట్ట కట్టే ముందు ఎండలో వేసి దులుపు. చెమ్మతో మడిచావంటే ముక్కిన వాసన పట్టుకుంటుంది, ఆ పార్సిల్ తిరిగి రాక తప్పదు.

ముందు ఓ నాలుగు గొంగళ్లు తూకం వేయించి, వాటిని హైదరాబాదుకు, చెన్నైకి పంపడానికి ఎంతవుతుందో కనుక్కుని రాయి. ధర ఆ తర్వాత కడదాం.

నీ పెదనాన్న