చిన్నీకి, వన్ టౌన్‌కి వచ్చే ముందు

చి. చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసు స్నేహితురాళ్ళు ఐదుగుర్ని వెంటేసుకుని హైదరాబాదు నుంచి వస్తున్నావట. పొద్దున్న దిగి బెజవాడ పాత ఊరు వన్ టౌన్ అంతా తిప్పి చూపించి, సాయంత్రానికి అక్క పెళ్ళిలో బంధువులకి పెట్టే పెట్టుబడి చీరలు కూడా కొనేసి, రాత్రి బండి ఎక్కేస్తావట. బెజవాడంటే అమ్మవారి గుడీ బీసెంట్ రోడ్డూ అనుకుని వెళ్ళిపోయేవాళ్ళే అందరూ. నీకు పాత ఊరు చూపించాలని తోచినందుకు సంబరంగా ఉంది. ఈ ఒక్కరోజు లెక్క వింటేనే కంగారుగా ఉంది. చూడ్డం ఒక పని, కొనడం ఇంకో పని. మొదటి రోజు ఆరుగురూ వట్టి చేతులతో తిరగండి. రెండోరోజు నువ్వూ ఇంకొక్కరూ వెళ్ళి చీరలు కొనండి. ఆరుగురు కూర్చుని ఎంచితే ఆరు రకాల మాటలొస్తాయి. దుకాణం వాడికి కావలసిందీ అదే.

దసరా రోజుల్లో రావద్దు. వినాయకుడి గుడి దగ్గర్నుంచి కెనాల్ రోడ్డంతా క్యూలే ఉంటాయి, బళ్ళు దారి మళ్ళిస్తారు. భవానీ దీక్షలు విరమించే రోజులూ అంతే. ఆషాఢం తగ్గింపుల్లో, శ్రావణం పెళ్ళిళ్ళప్పుడు బట్టల దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. ఆ దీక్షల రోజులు తప్పిస్తే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడొచ్చినా మంచిదే. ఆదివారం మాత్రం వద్దు, హోల్‌సేల్ దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. ఎండాకాలం మాట ఎత్తకు. రాతి కొండల పక్కన ఉన్న ఊరు, పగలు కాగిన బండ రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది.

కారు మాట్లాడుకోవద్దు. మ్యాప్‌లో రోడ్డులా కనిపించేది అక్కడికెళ్తే ఒక స్కూటరూ ఒక తోపుడు బండీ ఎదురుపడితే ఇరుక్కుపోయే సందు. స్టేషన్ నుంచి ఆటో ఎక్కి, ఎక్కేముందే రేటు మాట్లాడుకుని, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దిగండి. "మంచి చీరల షాపు నాకు తెలుసమ్మా" అన్న ఆటోవాడికి అక్కడ కమీషన్ ఉంటుంది. ఆ కమీషన్ నీ బిల్లులోంచే పోతుంది.

మార్కెట్‌కి తెల్లవారి ఆరింటికల్లా ఉండాలి. ఎనిమిదైతే పెద్ద బేరాలు ముగిసి చిల్లర బేరాలు మిగులుతాయి. దానికి పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసినవారు, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకరు. నీ స్నేహితులకి ఆ మాట చెప్పు. ఊరంతా దాన్ని కె.ఆర్. మార్కెట్ అనేసి ఆయన్ని మర్చిపోయింది. అక్కడ పక్కనే కాలువ చూపించు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యనుంచి పారాయి. అప్పట్లో సరుకంతా పడవల్లోనే. ఏలూరు కాలువ గోదావరి నీళ్ళని కలుస్తుంది, అవతల ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువలో కలిసి మద్రాసు దాకా పోతుంది. సరుకు దిగే రేవు పక్కన బజారు పుట్టింది. తర్వాత 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చి మద్రాసుకి దారి కలిసేసరికి, ఆ బజారే ఊరికి బలమైంది. ఈ సంగతి తెలియకుండా చూస్తే ఆ సందులన్నీ గజిబిజిగానే కనిపిస్తాయి. పప్పులూ ఉప్పుల హోల్‌సేల్ ఇప్పుడు చాలావరకు గొల్లపూడి వెళ్ళిపోయింది, బట్టలు మాత్రం కదల్లేదు.

మార్కెట్లో ఏమీ కొనొద్దు, తినడానికి పళ్ళూ, తల్లోకి పూలూ తప్ప. పూలు కట్టినవి మూర లెక్కన ఇస్తారు, ఆ మూర అమ్మేవాళ్ళ చెయ్యి. చెయ్యి పొట్టిదైతే ఆ లెక్కన బేరమాడు.

సందుల్లో నడిచేటప్పుడు ఒకటి గట్టిగా చెప్తున్నాను, చిన్నీ. ఫోన్ పైకెత్తి సందు మధ్యలో నిలబడొద్దు. హమాలీలు బేళ్ళు, అంటే పెద్ద బట్టల మూటలు, నెత్తిన పెట్టుకుని వస్తారు, మెడ తిప్పలేరు, ఆగలేరు. "జరగండి జరగండి" అని కేక వినపడగానే వెనక్కి తిరిగి చూడకుండా గోడకి ఆనుకో. వెనక్కి చూసే లోపల బేలు అంచు భుజానికి తగులుతుంది. చున్నీ రెండు వైపులా వేలాడనివ్వకు, నడుముకి కట్టుకో, రిక్షా చక్రంలో పడితే మెడకి ఉరే. ఫోటో తీసేముందు మనిషిని అడుగు. పని చేసుకునేవాడు బొమ్మ కాదు. మెళ్ళో గొలుసులు ఇంట్లోనే పెట్టిరండి అందరూ.

ఇంకోటి ఎవరూ చెప్పరు, నేనే చెప్పాలి. ఆ సందుల్లో ఆడవాళ్ళకి బాత్రూం దొరకదు. స్టేషన్లోనో, కూర్చుని తినే టిఫిన్ హోటల్లోనో పని చూసుకునే బయల్దేరండి. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేసి మధ్యాహ్నానికి కళ్ళు తిరిగిన పిల్లలు ఎంతమందో. నీళ్ళు తాగండి, గంటన్నరకోసారి హోటల్ చూసుకోండి. ఆ లెక్కనే తిరగండి.

మార్కెట్ నుంచి మెయిన్ బజారు, శివాలయం వీధి మీదుగా బ్రాహ్మణ వీధి వైపు నడిస్తే అమ్మవారి కొండ, ఇంద్రకీలాద్రి కిందికి చేరతారు. ఈ దారిలో తల పైకెత్తి చూడండి. కింద స్టీలు సామాన్లో, లేసులో, పాత్రలో వేలాడుతుంటాయి, పై అంతస్తులో చెక్క రెయిలింగూ, పాత సున్నపు గోడా ఇంకా మిగిలే ఉంటాయి. కొండ దగ్గర మల్లేశ్వరస్వామి గుడిని అందరూ దాటిపోతారు. అక్కడి యుద్ధమల్లుడి శాసన స్తంభం నన్నయ భారతానికి వందేళ్ళ ముందుది, తెలుగులో, మధ్యాక్కర పద్యాల్లో, కార్తికేయుడికి గుడీ మఠమూ కట్టించిన సంగతి చెప్తుంది. కొండ కిందే అక్కన్న మాదన్న గుహలు. పేరు గోల్కొండ తానీషా మంత్రులది, గుహలు వాళ్ళకంటే వెయ్యేళ్ళు పాతవి. ఓపిక ఉంటే గాంధీ కొండ ఎక్కండి. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పేరుతో ఒకప్పుడు ఓర్ కొండ, పైన 52 అడుగుల స్తూపం 1968లో కట్టారు. గేటు తెరిచి ఉందో లేదో కిందే అడిగి ఎక్కండి. పింగళి వెంకయ్య గారు 1921లో గాంధీగారికి జెండా ఇచ్చిన చోటు బందరు రోడ్డు మీద మ్యూజియం, అది వన్ టౌన్ కాదు, ఇంకోరోజు చూసుకోవచ్చు.

వాన పడితే మాత్రం కొండ వైపు వెళ్ళొద్దు. మెట్ల మీది ఇళ్ళ మధ్య ఫోటోలు బాగా వస్తాయని నాకూ తెలుసు, వద్దంటే వద్దు. బండల మధ్య మట్టి తడిసి ఉబ్బుతుంది, వాన వెలిసిన మర్నాడు కూడా రాయి జారుతుంది. 2020 దసరాల్లో మూలా నక్షత్రం రోజునే ఇంద్రకీలాద్రి మీద చరియలు విరిగిపడ్డాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి చిట్టినగర్ వైపు ఇళ్ళు ఎలా మునిగాయో మీ అమ్మకి తెలుసు. నువ్వు నవ్వుకుంటావు, పెద్దమ్మకి వానంటే భయమని. నవ్వుకో, కానీ వినిపించుకో.

ఇప్పుడు చీరల సంగతి.

మీ అమ్మ పెళ్ళప్పుడు ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ తాతయ్యా, చినతాతయ్యా సాయంత్రం పూట వెళ్ళి ఒకే రంగు అని ఇరవై చీరలు పెట్టుబడికి తెచ్చారు. మామిడిపండు పసుపు, ఎర్ర అంచు. ట్యూబులైటు కింద చూశారు, ఒకటి విప్పించారు, మిగతావి మడతల మీదే లెక్కపెట్టి కట్టించేశారు. పెళ్ళి తెల్లవారుజామున, తొమ్మిదింటికి ఎండలో పందిట్లో కూర్చుంటే పన్నెండు చీరలు ఒక పసుపు, ఎనిమిది ఇంకో పసుపు. ఆ ఎనిమిదీ పోయి పోయి మగపెళ్ళి వారి వైపు ఆడపడుచులకే వచ్చాయి. "మాకు వెలిసినవి పెట్టారు" అన్న మాట అక్కడ పుట్టి, నీ బారసాలలో కూడా వినపడింది. దుకాణం వాడు తిరిగి తీసుకోలేదు, వాడు తీసుకోడు కూడా. హోల్‌సేల్లో మార్పిడే కష్టం, డబ్బు వాపసు లేదు.

అది మోసం అనుకుంటారు అందరూ. చాలాసార్లు కాదు. రంగు వేసే చోట ఒక్కో తొట్టికి ఒక్కో పాళ్ళు పడతాయి, పేరు ఒకటే, డిజైన్ నంబరు ఒకటే, రంగులో వెంట్రుకవాసి తేడా. పై కట్టలోది చూపించి కింది కట్టలోంచి లెక్కపెడతారు. వస్త్రలత లాంటి హోల్‌సేల్ బట్టల కాంప్లెక్సులో లోపలి దుకాణాలకి కిటికీ ఉండదు, తెల్ల లైటు కింద మెరూన్ గోధుమలా, నీలం నలుపులా కనిపిస్తుంది. రెండు పసుపులు ఒకటే అయిపోతాయి. అందుకని ఇలా చెయ్యి.

మధ్యాహ్నం మూడు దాటకముందే ఎంపిక అయిపోవాలి, వెలుతురు ఉండగానే. దుకాణంలో అడుగు పెట్టగానే మొదటి మాట, "విడిగా ఇస్తారా, సెట్టు తీసుకోవాలా?" సెట్టంటే ఒకే డిజైను నాలుగో ఆరో ఎనిమిదో రంగుల్లో వస్తుంది, నీకు కావలసింది ఒకే రంగైతే ముందే చెప్పు. ధర సెట్టుదా విడిదా, జీఎస్టీ కలిపా కలపకుండానా, అదీ అప్పుడే. నచ్చిన చీర ఒకటి తీసుకుని గుమాస్తాని అడిగి మెట్ల దగ్గరికో గుమ్మంలోకో వచ్చి పగటి వెలుతురులో చూడు. కాదంటే ఆ దుకాణం వదిలెయ్. తర్వాత నీకు లెక్కపెట్టిన ప్రతి చీరా తెచ్చి, కొంగు అంచులన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చు. మెట్లు వేసినట్టు కొంచెం కొంచెం జరిపి పేరిస్తే తేడా ఉన్నది దానంతటదే బయటపడుతుంది. విడివిడిగా చూస్తే కళ్ళు సర్దుకుపోతాయి. సరిపోయిన వాటి చీటీ మీద పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకో. కట్ట కట్టేటప్పుడు ఎదురుగా నిలబడు, ఆ సమయంలో టీ ఇస్తారు, టీ తాగుతూ అటు తిరక్కు.

పొడవు కొలవడానికి సిగ్గుపడకు. చీర పన్నెండు మూరలు, అంటే అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ఇంకో 80 సెంటీమీటర్లు. చవక రకాల్లో కోత జాకెట్టు ముక్కలోనే పడుతుంది. రెండు మడతలు విప్పి దీపానికి ఎదురుగా పెట్టి చూడు, పోగు జారిన చోట వెలుతురు గీతలా వస్తుంది. ఎరుపు, నలుపు, ముదురు నీలం అయితే తెల్ల జేబురుమాలు తడిపి, అడిగి, కొంగు లోపలి మూల రుద్దు. రుమాలుకి అంటితే మొదటి ఉతుకులో అంచు రంగు చీరంతా పాకుతుంది. చేనేత అంటే అంచుల వెంట సన్నటి సూది రంధ్రాలు వరసగా ఉండాలి, మగ్గం మీద బట్టని లాగి పట్టే కర్ర ముళ్ళ గుర్తులవి. పట్టు అంటే సిల్క్ మార్క్ చీటీ అడుగు. అసలు మంగళగిరి చీరలే కావాలంటే వన్ టౌన్లో వెతకడమెందుకు, నదికి అవతల మంగళగిరే ఉంది, ఆటో దిగితే మగ్గాల చప్పుడు.

పెట్టుబడికి ఒకటి రెండు చీరలు ఎక్కువే తీసుకో, ఎవరో ఒకరు తప్పకుండా గుర్తొస్తారు. బిల్లు మీద డిజైన్ నంబరూ సంఖ్యా రాయించుకో. మూట నువ్వు మొయ్యొద్దు. బరువైతే నెహ్రూ బస్టాండ్లో ఆర్టీసీ కార్గోలో వేసి రసీదు ఫోటో తీసి మీ అమ్మకి పంపు, మూట మీద పేరూ ఫోన్ నంబరూ రెండు వైపులా రాయించి.

మీ అమ్మ ఎంపిక విషయంలో నా మాట వినేది కాదు, నువ్వు వింటావని రాస్తున్నాను. రాత్రి బండి టికెట్ రద్దు చేయించు. ఆరుగురికీ పరుపులున్నాయి, మేడ మీద గాలి బాగుంటుంది. మీలో మిరపకాయ తినలేనివాళ్ళు ఎంతమందో, ఉల్లిపాయ తిననివాళ్ళు ఎవరైనా ఉన్నారో శుక్రవారానికల్లా ఫోన్ చేసి చెప్పు, గోంగూర ఆ లెక్కన రుబ్బుతాను.

మీ పెద్దమ్మ